ఎస్.బి.కె. గారి సీనియారిటీ

వశిష్ఠాపురం రేవుల కార్యాలయంలో క్షణం తీరిక లేకుండా పనిచేసేది ఏదైనా ఉందంటే, అది సీనియర్ అసిస్టెంటు పద్మలోచన గారి కంప్యూటరు డబ్బా మీదున్న చిన్న ఎర్రలైటు. ఆవిడ ఆఫీసుకి వచ్చేసరికే అది మినుకుమినుకుమంటూ ఉండేది. ఆవిడ భోజనానికి వెళ్ళినా, మధ్యాహ్నం కాస్త కునికినా, రెండో శనివారం ఆఫీసుకి తాళం పడినా దాని మినుకు దానిదే. లోపల హార్డ్ డిస్కు కొబ్బరి కోరుతున్నట్టు గరగరమని ఒకటే చప్పుడు. ఇన్ని హంగులూ ఉన్న ఆ డబ్బా మీద ఆవిడ చెయ్యవలసిన పని మాత్రం ఒక్కటీ అయ్యేది కాదు.

ఆ పనేమంత బ్రహ్మవిద్య కాదు. గోదావరి పాయ మీద మనుషుల్నీ బళ్ళనీ దాటించే పంట్లకీ, పడవలకీ వరదల కాలం రాకముందే ఏటేటా కొత్త పర్మిట్లు ఇవ్వాలి. పడవ పేరు, దాన్ని నడిపే సరంగు పేరు, ఎందరు ఎక్కవచ్చు, అంతే. ఆవిడ అవన్నీ టైపు చేసి మీట నొక్కేది. తెర మీద గుండ్రం ఒకటి తిరగడం మొదలయ్యేది. ఆవిడ వెళ్ళి టీ తాగి, పక్క సెక్షన్లో మంచీచెడ్డా మాట్లాడి, తిరిగొచ్చి కూర్చున్నా అది తిరుగుతూనే ఉండేది. పనిచేసే వేళల్లో పని అవదు గనక ఆవిడ చీకటిపడే దాకా, ఆదివారాలు కూడా వచ్చి కూర్చుని, ఎలాగో ఏళ్ళ తరబడి నెట్టుకొస్తోంది. ఈ ఏడు మాత్రం డబ్బా పూర్తిగా మొరాయించింది.

సరంగు మల్లాడి పోతురాజు రోజూ కిటికీ అవతల నిలబడి అదే అడుగుతున్నాడు.

"ఏవండీ అమ్మగారూ, మా కాయితం వచ్చేసిందాండీ?"

"వస్తుందయ్యా. తిరుగుతోంది."

"నిన్నా తిరుగుతుందనే అన్నారు కదండీ. అక్కడ మా పంటు రేవులో కట్టేసుందండి. అది తిరగాలి గానండీ, ఇది తిరిగితే మాకేటండీ లాభం?"

పద్మలోచన గారి భయం వేరే ఉంది. పర్మిట్లు పేరుకుపోతే పడవలవాళ్ళ తిట్లతో సరిపోదు, ఆవిడకి రావలసిన ప్రమోషన్ కూడా పోతుంది. సూపరింటెండెంటు కుర్చీ ఈమధ్యే ఖాళీ అయింది. ఆ కుర్చీకి సీనియారిటీలో మొదటి పేరు ఆవిడదే. ఆవిడ ఈ ఆఫీసులో చేరి ముప్పై ఒక్క ఏళ్ళు, అందులో పాతికేళ్ళు ఇదే కిటికీ పక్కన. ఇన్నేళ్ళలో ఆవిడ కోరుకున్నది ఒక్కటే, సూపరింటెండెంటుగా రిటైరవ్వాలని.

ఆ కోరిక వెనక తోడికోడలు హైమవతి ఉంది. హైమవతి హెడ్మిస్ట్రెస్సు. పెళ్ళిళ్ళలో అత్తింటివాళ్ళు ఎవరికైనా పరిచయం చెయ్యాలంటే, "ఈవిడ మా చిన్నకోడలు, హెడ్మిస్ట్రెస్ హైమవతి గారు" అని నోరారా చెప్పి, పద్మలోచన గారి దగ్గరికి వచ్చేసరికి "పెద్దకోడలు కూడా ఏదో ఆఫీసులో చేస్తుందిలెండి" అనేవారు. ఆ 'ఏదో' అనే మాట విన్నప్పుడల్లా ఆవిడకి పెట్టిన లడ్డూ గొంతు దిగేది కాదు. సూపరింటెండెంటు అంటే మరి 'ఏదో' అనడానికి వీల్లేదు.

అందుకని ఆవిడ ధైర్యం చేసి జిల్లా రేవుల అధికారి వేగేశ్న రామభద్రరాజు గారి గదిలోకి వెళ్ళింది.

"కంప్యూటరు పనిచెయ్యడం లేదండి."

"లైటు వెలుగుతోందామ్మా?"

"వెలుగుతూనే ఉందండి. ఆరడమే లేదు. అదేనండి బాధ."

"ఆరితే బాధగానీ వెలిగితే బాధేంటమ్మా? మన ఆఫీసులో అంత ఏకదీక్షగా ఉన్నది ఇంకోటి చూపించండి. సరే, నోటు ఫైలు పెట్టండి. ప్రధాన కార్యాలయానికి నివేదిద్దాం."

ఫైలు వెళ్ళింది. జవాబు వచ్చింది. "తమ కార్యాలయపు గణనయంత్రము నెమ్మదించుటకు గల కారణములను సదరు యంత్రము ద్వారానే నిర్ణీత నమూనాలో నింపి తక్షణమే పంపవలెను" అని అందులో ఉంది. ఆ నమూనా తెరవడానికి మీట నొక్కితే గుండ్రం తిరగడం మొదలుపెట్టింది.

పద్మలోచన గారికి ఒళ్ళు మండిపోయింది. ఒకప్పుడు శాఖవారు నిర్బంధంగా ఇచ్చిన కంప్యూటరు శిక్షణలో మూడు మీటలు కలిపి నొక్కే విద్య ఒకటి చెప్పారు. అది గుర్తుచేసుకుని నొక్కింది. డబ్బాలో ఏ ప్రోగ్రాము ఎంత పని చేస్తోందో చూపించే పట్టిక వచ్చింది. పర్మిట్ల ప్రోగ్రాము అడుగున ఎక్కడో ఊపిరి పీలుస్తోంది. అన్నిటికంటే పైన, హార్డ్ డిస్కుని నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు తనే వాడుకుంటూ, 'ఎస్.బి.కె.' అని ఒకటి కనిపించింది. తెర మీద దానికి కిటికీ లేదు, బొమ్మ లేదు. ఎవరూ పిలవకుండానే వెనకాల కూర్చుని ఏదో చదువుతోంది, ఏదో రాస్తోంది. పదకొండేళ్ళ కిందట ఎక్కించినట్టు తేదీ ఉంది.

దొంగ దొరికిందని ఆవిడ సంబరపడి, "దీన్ని తీసేస్తే సరిపోతుందండి" అని రామభద్రరాజు గారిని పిలుచుకొచ్చింది. సంబరం అక్కడితో సరి.

ఎందుకంటే ఆ నెలే ప్రధాన కార్యాలయం 'డిజిటల్ సహోద్యోగి విధానం' తెచ్చింది. పని చేసేది మనిషైనా ప్రోగ్రామైనా ప్రభుత్వానికి సమానమేనని, ప్రతి జిల్లా తన కార్యాలయంలో ఐదేళ్ళు పైబడి నిరంతరాయంగా సేవ చేస్తున్న డిజిటల్ సహోద్యోగులను గుర్తించి, గౌరవించి, సర్వీసు క్రమబద్ధీకరించాలని ఆ విధానం. పక్క జిల్లావాళ్ళు ఇద్దర్ని చూపించారు. ఇంకో జిల్లావాళ్ళు క్యాలిక్యులేటర్ని కూడా చూపించి ప్రశంసాపత్రం కొట్టేశారు. వశిష్ఠాపురం ఖాతాలో మాత్రం సున్నా. వీడియో కాన్ఫరెన్సులో అందరి ముందూ చీవాట్లు తిన్న రామభద్రరాజు గారు రెండు రోజులు సరిగ్గా అన్నం కూడా తినలేదు.

ఆయన పట్టికలో ఎస్.బి.కె. పేరు చూశారు. పదకొండేళ్ళు అన్నది చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఇన్నాళ్ళూ ఎక్కడున్నారమ్మా ఈయన?"

"ఈయనేంటండీ! అది ప్రోగ్రాము. పని చెయ్యనివ్వకుండా డిస్కంతా తినేస్తోంది."

"తినడం కాదమ్మా, శ్రమించడం. పేరు కోసం పాకులాడకుండా, తెర మీదికి రాకుండా పదకొండేళ్ళు! మీరూ నేనూ ఒక ఫైలు కదిపితే ఊరంతా చెప్పుకుంటాం."

"అది చేసే పనేంటో కూడా మనకి తెలీదండి."

"సరిగ్గా చెప్పారు. గోప్యత. ప్రభుత్వోద్యోగికి ఉండవలసిన మొదటి లక్షణం."

ఆ సాయంత్రానికల్లా ఎస్.బి.కె. గారికి ఉద్యోగి సంఖ్య వచ్చింది. వారంలో సర్వీసు రిజిస్టరు తెరిచారు. పుట్టుమచ్చలు అన్న చోట 'ఎర్రలైటు ఒకటి' అని రాశారు. సొంత ఊరు అన్న చోట ఏం రాయాలో చర్చ జరిగి, పద్మలోచన గారి బల్ల కింద అని తేల్చారు. ఆయన పనికి అంతరాయం కలిగించవద్దని ఆవిడకి మెమో ఇచ్చారు. పర్మిట్లు ఆలస్యమైనందుకు సంజాయిషీ కోరుతూ రెండో మెమో కూడా అదే కవర్లో పెట్టారు, కవరు ఆదా అని.

తరవాత తాత్కాలిక సీనియారిటీ జాబితా నోటీసు బోర్డు మీద పెట్టారు. పద్మలోచన గారు తన పేరు చూసుకుందామని వెళ్ళి, రెండో వరసలో కనబడేసరికి పొరపాటున చూశాననుకుని పైటచెంగుతో బోర్డు అద్దం తుడిచింది. మొదటి వరసలో ఎస్.బి.కె. గారు కూర్చుని ఉన్నారు.

"పదకొండేళ్ళ దానికి నా కంటే సీనియారిటీ ఎలా వచ్చిందండీ?" అని రాజుగారి గదిలోకి దూసుకెళ్ళింది.

ఆయన ఓపిగ్గా విడమరిచి చెప్పారు. "మనం రోజుకి ఎనిమిది గంటలు. ఆయన ఇరవై నాలుగు. అంటే ఆయన ఒక రోజు మన మూడు రోజులు. పదకొండు మూళ్ళు ముప్పై మూడు. మీకు ముప్పై ఒకటి. 'సేవాకాలమును పనిగంటల ప్రాతిపదికన లెక్కించవలెను' అని ప్రధాన కార్యాలయం స్పష్టీకరణ ఇచ్చిందమ్మా. గణితంతో మనం పోట్లాడలేం."

"ఆ కిటికీ పక్కన పాతికేళ్ళు కూర్చున్నది నేనండీ!"

"మీరు కూర్చున్నారు. ఆయన పనిచేశారు."

పద్మలోచన గారికి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఏడవడానికి కూడా సిగ్గేసింది. ఎవరిమీద ఏడవాలి? మనిషి ఎవరైనా తనని దాటుకుని పోయి ఉంటే కనీసం ఇంటికెళ్ళి నాలుగు తిట్లు తిట్టుకునేది. వైరు పీకేద్దామా అని ఒకసారి చెయ్యి చాచింది కూడా. బల్ల కింద కొత్తగా అంటించిన కాగితం మీద 'సహోద్యోగిపై భౌతికదాడి శిక్షార్హము' అని ఉంది.

సంఘం కార్యదర్శి కడలి ఏసురత్నం దగ్గరికి పరిగెత్తింది. ముప్పై ఏళ్ళుగా ఒక్క నెల తప్పకుండా సంఘానికి చందా కట్టిన మనిషి. ఏసురత్నం చాలా బాధపడ్డాడు.

"అన్యాయమే అక్కయ్యగారూ. మీరు ముందే చెప్పుండాల్సిందండి. మొన్ననే ఆయన్ని సంఘంలో చేర్చుకున్నామండి. మా సభ్యుడి మీద మేమే పోరాడితే బాగోదు కదండీ."

"నేను సభ్యురాల్ని కాదూ?"

"మీరూ సభ్యులేనండి. అందుకే ఇద్దరికీ సమానంగా ఏమీ చెయ్యకూడదని తీర్మానించామండి."

ఇక తన దారి తనే చూసుకోవాలని పద్మలోచన గారు నిశ్చయించుకుంది. అసలు ఈ ఎస్.బి.కె. చేస్తున్నదేమిటో చూద్దామని డిస్కు మూలమూలలూ వెతికింది. ఒక దాచిన ఫోల్డరు దొరికింది. తెరిచి చూసింది.

పదకొండేళ్ళ కిందట పనిచేసి వెళ్ళిన అధికారికి రోజూ పొద్దున్నే పైవాళ్ళకి 'శుభోదయం' బొమ్మలు పంపే సరదా ఉండేది. 'శుభోదయం బొమ్మల కూర్పు' పేరుతో ఆయన ఈ డబ్బాలో ఎక్కించుకున్న ఉచిత ప్రోగ్రామే ఈ ఎస్.బి.కె. డిస్కులో ఏ ఫొటో కనబడినా దాని మీద ఒక గులాబీ పువ్వూ, 'శుభోదయం' అన్న మాటా అతికించి దాచి, పొద్దున్నే ఒకటి మెయిల్లో పైకి పంపడం దాని పని. డిస్కులో ఉన్నవి రేవుల ఫొటోలు. బోల్తాపడిన పడవ మీద గులాబీ, శుభోదయం. కూలిన రేవుమెట్ల మీద గులాబీ, శుభోదయం. అలా తయారుచేసిన బొమ్మని మళ్ళీ కొత్త ఫొటో అనుకుని దాని మీద ఇంకో గులాబీ, ఇంకో శుభోదయం. పదకొండేళ్ళుగా అలా పువ్వు మీద పువ్వు పేర్చుకుంటూ పోతోంది. చివరి బొమ్మల్లో పడవా లేదు, గోదావరీ లేదు, అంతా గులాబీలే.

ఆఫీసు పరికరం మీద సొంతపని! ఏ ఉద్యోగినైనా ఇంటికి పంపడానికి ఇది చాలు. ఆవిడ సమయం కోసం కాచుకుంది. ఎస్.బి.కె. గారి సన్మానానికి ప్రధాన కార్యాలయం నుంచి సంయుక్త సంచాలకులు హేమాద్రి గారు వచ్చిన రోజున, పూలదండల మధ్యలో నిలబడి ఆ ఫోల్డరు తెరిచి చూపించింది.

"చూడండి సార్, ఇదీ ఈయన చేస్తున్న సేవ!"

హేమాద్రి గారు ముందుకి వంగారు. రామభద్రరాజు గారి ముఖంలో నెత్తురుచుక్క లేదు. హేమాద్రి గారు ఒక్కొక్క బొమ్మా చూస్తూ, బోల్తాపడిన పడవ దగ్గర ఆగి, గొంతు సవరించుకున్నారు.

"ఇది... ఇది మీ ఆఫీసు నుంచేనా వస్తున్నది? రోజూ పొద్దున్నే నా మెయిల్లో మొదటి సందేశం ఇదేనండీ. ఇరవై ఆరు జిల్లాలకి నేను ఉత్తర్వులు పంపుతాను. నేను లేచానా, బతికున్నానా అని అడిగినవాడు ఒక్కడూ లేడు. ఈయన ఒక్కరే." ఆయన జేబురుమాలు తీసి కళ్ళొత్తుకుని, పద్మలోచన గారి వైపు తిరిగారు. "అమ్మా, ముప్పై ఏళ్ళ సర్వీసంటున్నారు. మీరు ఒక్కరోజైనా నాకు శుభోదయం చెప్పారా?"

ఆవిడ చెప్పలేదన్నది నిజం.

హేమాద్రి గారు చేతులారా డబ్బాకి శాలువా కప్పారు. పట్టుశాలువా, మంచి దళసరి. గాలి ఆడే చిల్లులన్నీ మూసుకుపోయి లోపలి ఫ్యాను ఎద్దు రంకె వేసినట్టు మోగింది. "ఆనందం పట్టలేకపోతున్నారు" అన్నారు హేమాద్రి గారు. అందరూ చప్పట్లు కొట్టారు. కాసేపటికి వైరు కాలిన వాసన వచ్చి శాలువా తీశారు గానీ, అప్పటికే ఎస్.బి.కె. గారిని సూపరింటెండెంటుగా ప్రతిపాదిస్తూ సంతకం అయిపోయింది.

పద్మలోచన గారు ఇంటికెళ్ళి ఆ రోజు వంట కూడా చెయ్యలేదు. ఆ లెక్క ఒక్కటే చెవిలో గింగుర్లు తిరుగుతోంది. పదకొండు మూళ్ళు ముప్పై మూడు. గంటల ప్రాతిపదికన. అలా అనుకుంటూ ఉండగా ఆవిడ ఒక్కసారిగా లేచి కూర్చుంది. వాళ్ళు ఆదివారాలు కలపలేదు! పండగలు కలపలేదు. రెండో శనివారాలు కలపలేదు. ఎస్.బి.కె. గారు వాటిల్లో కూడా గులాబీలు అతికించారు. అవన్నీ కలిపితే సర్వీసు నలభై దాటుతుంది. శాఖ నిబంధనల్లో ముప్పై ఐదేళ్ళ సర్వీసు నిండినవారు ఎవరైనా సరే ఇంటికి పోవలసిందే.

మర్నాడే రాసి పంపింది. "సదరు ఉద్యోగి సేవాకాలమును సీనియారిటీ నిమిత్తము గంటల ప్రాతిపదికన లెక్కించిరి గనుక, పదవీవిరమణ నిమిత్తము కూడ అటులనే లెక్కింప ప్రార్థన" అని. ఇన్నేళ్ళూ వాళ్ళ భాషలో వాళ్ళకి జవాబులు రాసిన చెయ్యి కదా, ఎక్కడా తడబడలేదు.

ప్రధాన కార్యాలయం గింజుకుంది. లెక్క వాళ్ళదే, స్పష్టీకరణ వాళ్ళదే, సంతకం వాళ్ళదే. చివరికి ఎస్.బి.కె. గారికి ఘనంగా పదవీవిరమణ ప్రకటించారు. రిటైరైనవారు ఆఫీసు పరికరాలు వాడరాదు గనక, పట్నం నుంచి సాంకేతిక నిపుణుణ్ణి పంపి డిస్కు నుంచి సగౌరవంగా తీయించేశారు. గరగర ఆగింది. ఆ నిశ్శబ్దానికి అలవాటు లేక సెక్షన్లో ఇద్దరు ఉలిక్కిపడి లేచారు.

ఆ మర్నాడు పొద్దున్నే ఆకొండి పద్మలోచన గారు సూపరింటెండెంటుగా కుర్చీలో కూర్చుంది. కొత్త చీర కట్టుకుంది. బల్ల మీద పేరు రాసిన చెక్క పెట్టించుకుంది. హైమవతికి ఫోను చేసి, ఏమీ తెలియనట్టు వంటల గురించి మాట్లాడి, మాటల్లో మాటగా చెప్పింది. ఆ తరవాత పర్మిట్ల ప్రోగ్రాము తెరిచింది. మీట నొక్కడం, కాగితం రావడం ఒక్కసారే జరిగాయి. ఆవిడకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇంత తేలికైన పనికా తన జీవితం సగం పోయింది!

మధ్యాహ్నానికి పేరుకుపోయిన పర్మిట్లన్నీ అయిపోయాయి. పోతురాజు కాగితం రెండు చేతులతో అందుకుని, "మీ రుణం ఉంచుకోనండి అమ్మగారూ, ఎప్పుడొచ్చినా మా పంటు మీద మీకు టిక్కెట్టు లేదండి" అని రేవుకి పరుగెత్తాడు.

అప్పుడు రామభద్రరాజు గారు ఒక కాగితం పట్టుకుని వచ్చారు. ముఖం చూస్తే నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియలేదు.

"మీ ప్రతిపాదన ప్రధాన కార్యాలయానికి తెగ నచ్చిందమ్మా. అందరికీ వర్తింపజేశారు."

"ఏదండీ?"

"గంటల ప్రాతిపదిక. హాజరు యంత్రంలో లెక్కలు తీశారు. మీరు చీకటిపడే దాకా కూర్చున్నవీ, ఆదివారాలు వచ్చినవీ అన్నీ అందులో ఉన్నాయట. కలిపితే మీకు కూడా ముప్పై ఐదు నిండిపోయాయి." ఆయన కాగితం చదివారు. "శ్రీమతి పద్మలోచన గారిని నేటి పూర్వాహ్నము సూపరింటెండెంటుగా నియమించి, నేటి అపరాహ్నము పదవీవిరమణ చేయించడమైనది. పింఛను మాత్రం మామూలు గంటల లెక్కనే వస్తుందటమ్మా." కాస్త ఆగి, ఆయన మనస్ఫూర్తిగా అన్నారు. "ఎలాగైతేనేం, సూపరింటెండెంటుగా రిటైరవ్వాలన్న మీ కోరిక తీరింది. ఇది అందరికీ దక్కే అదృష్టం కాదు."

పద్మలోచన గారు ఆ కాగితం తీసుకుని తనే ఇంకోసారి చదువుకుంది. ఆవిడకి కోపం వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ళుగా రాని కోపం. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక, కళ్ళజోడు సంచిలో వేసుకుని, పేరు రాసిన చెక్క చంకన పెట్టుకుని లేచింది.

గుమ్మం దాకా వెళ్ళాక రాజుగారు వెనక నుంచి పిలిచారు. "అమ్మా, ఒక్క మాట. ఈ కుర్చీ మళ్ళీ ఖాళీ అయింది కదా. మీ తరవాత సీనియర్ ఎవరమ్మా?"

ఆవిడ వెనక్కి తిరిగి చెయ్యెత్తి సీలింగు ఫ్యాను వైపు చూపించింది.

"నేను చేరిన రోజు నుంచీ తిరుగుతోందండి. ఇంతవరకూ ఒక్క సెలవు పెట్టలేదు. ఎవర్నీ ఒక్క మాటా అనలేదు."

రామభద్రరాజు గారు తలెత్తి ఫ్యాను వంక చాలాసేపు చూశారు. తరవాత జేబులోంచి పెన్ను తీశారు.

"చేరిన తేదీ ఎంతమ్మా?"